గడియకు కాపలా

పిల్లలూ! గోడకు తాళం వేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. గోడకు తాళం అక్కరలేదు. అది దొంగనూ ఆపుతుంది, చుట్టాన్నీ ఆపుతుంది, ఇంటివాణ్ణి కూడా ఆపుతుంది. ఆ గోడలోనే కొంత ఖాళీ వదిలితే అది గుమ్మమవుతుంది. ఉత్త గుమ్మం ఎవరినీ ఆపదు. కుక్క వచ్చినా రమ్మంటుంది, దొంగ వచ్చినా రమ్మంటుంది.

ఈ రెంటికీ మధ్య ఉన్నది తలుపు. దాని పని గోడ పనికన్నా చాలా కష్టం. అది కొందరిని ఆపాలి, కొందరిని రానివ్వాలి. ఎవరు మనవాళ్ళో, ఎవరు పైవాళ్ళో దానికెలా తెలుస్తుంది? చెక్కకు కళ్ళు లేవు గదా!

చెక్కకు కళ్ళు లేని లోటును తీర్చటానికి మనిషి వేల ఏళ్ళనుంచీ ఉపాయాలు వెతుకుతూనే ఉన్నాడు. ఆ ఉపాయాల కథ వింటే మీ ఇంటి తలుపులో ఎంత తెలివి దాగి ఉన్నదో మీకే తెలుస్తుంది.

అన్నిటికన్నా పాతదీ, అన్నిటికన్నా సులువైనదీ అడ్డగడియ. తలుపు మూసి, లోపలివైపున అడ్డంగా ఒక బలమైన దుంగను పెడతారు. దుంగ రెండు కొసలూ గోడలోనో, ద్వారబంధానికి బిగించిన కొక్కేలలోనో ఆనుకుంటాయి. బయటినుంచి పదిమంది కలిసి తోసినా తలుపు రాదు. పెద్దపెద్ద కోటల తలుపులకు కూడా ఇటువంటి గడియలే ఉండేవి.

కాని అడ్డగడియకు ఒక చిక్కు ఉన్నది. దాన్ని వేయటానికి ఎవరో ఒకరు లోపల ఉండాలి. ఇంటిల్లిపాదీ పొలానికి పోతే గడియ ఎవరు వేస్తారు? సాయంత్రం తిరిగి వచ్చాక ఎవరు తీస్తారు?

ఈ చిక్కు విప్పటానికి పూర్వం గ్రీసు దేశంలో ఒక ఉపాయం చేశారు. తలుపు వెనక అటూ ఇటూ జరిగే గడియ పెట్టి, దానికొక తోలుపట్టీ కట్టారు. ఆ పట్టీ కొసను తలుపులో ఉన్న రంధ్రం గుండా బయటికి తెచ్చారు. బయటికి పోయేటప్పుడు పట్టీని లాగితే లోపల గడియ పడుతుంది. తిరిగి వచ్చినప్పుడు, కొడవలిలాగా వంగిన ఒక పొడుగాటి కొంకిని ఇంకొక రంధ్రం గుండా లోపలికి పోనిచ్చి, గడియను వెనక్కు నెట్టాలి. ఆ కొంకే వాళ్ళ తాళంచెవి!

బాగానే ఉంది కాని, ఇందులో లోపమేమిటో మీకు తట్టిందా? రంధ్రం ఇంటివాడి చేతిని గుర్తుపట్టదు. ఆ వంపూ, ఆ పొడుగూ ఉన్న కొంకి మరొకడు తెచ్చినా గడియ మారుమాట లేకుండా జరుగుతుంది. యజమానికోసం చేసిన రంధ్రమే దొంగకు కూడా దారి చూపిందన్నమాట.

కనుక అసలు ప్రశ్న ఇది: గడియను బయటినుంచి తీయటానికి వీలుండాలి, కాని మనవాళ్ళు తప్ప ఇంకొకరు తీయకూడదు. అంటే గడియ ఎంత లావుగా ఉన్నా లాభం లేదు. గడియకే ఒక కాపలావాడు కావాలి.

ఆ కాపలావాణ్ణి పూర్వపు ఈజిప్టువాళ్ళ కొయ్యతాళంలో చూడవచ్చు. గడియకు పైన ఒక కొయ్య పెట్టె బిగిస్తారు. ఆ పెట్టెలో నాలుగైదు చిన్నచిన్న చీలలు పైకీ కిందికీ వదులుగా ఆడుతూ ఉంటాయి. గడియలో కూడా సరిగ్గా ఆ చీలల కిందనే అన్ని రంధ్రాలుంటాయి. గడియ వేయగానే చీలలు తమ బరువుకు తామే రంధ్రాల్లోకి టపటపా పడతాయి. ఇక గడియ కదలదు. చీలలు పైకి లేస్తేగాని అది జరగదు.

వాటిని లేపేదే తాళంచెవి. అది పళ్ళు తోముకునే బ్రష్షులాగా ఉంటుంది. ఒక కొయ్యపట్టీ, దాని కొసన నిలువుగా నాలుగైదు పుల్లలు. ఆ పుల్లల వరసా చీలల వరసా ఒకటే. తాళంచెవిని గడియ లోపలికి దూర్చి పైకెత్తితే పుల్లలు చీలలను ఒక్కసారిగా పైకి నెడతాయి. అప్పుడు గడియను లాగాలి. ఒక్క పుల్ల స్థానం తప్పినా ఒక చీల మిగిలిపోతుంది. ఆ ఒక్క చీలే గడియను పట్టుకుంటుంది.

ఇందులో తెలివి ఎక్కడున్నదో చూశారా? గడియను ఆపింది బలం కాదు, వరస. కళ్ళులేని చెక్కకు మనిషి ఒక గుర్తు నేర్పాడు. ఆ గుర్తు తెలిసిన తాళంచెవికే అది లొంగుతుంది.

ఈ కాపలా ఎలా పనిచేస్తుందో మీరే చేసి చూడవచ్చు. ఒక ఖాళీ అగ్గిపెట్టె తీసుకోండి. లోపలి అర బయటికి లాగి, బోర్లించి, మళ్ళీ దూర్చండి. ఇప్పుడు అర అడుగుభాగం పైకి వచ్చి, పెట్టె పైకప్పుకు ఆనుకుని ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళచేత, పైకప్పునూ దాని కిందనున్న అర అడుగునూ కలిపి రెండు చోట్ల సూదితో పొడిపించండి. గుండుసూదులు వదులుగా ఆడేటట్టు ఆ రంధ్రాలను కొంచెం పెద్దవి చేయించండి. తరవాత రెండు గుండుసూదులను పైనుంచి ఆ రంధ్రాల్లోకి జారవిడవండి.

ఇక అరను లాగి చూడండి. రాదు! ఒక సూదిని పైకెత్తి లాగండి. అప్పుడూ రాదు. రెండో సూది పట్టుకునే ఉన్నది. రెండింటినీ ఒక్కసారిగా ఎత్తండి. అర సులువుగా వచ్చేస్తుంది. మీ అరే గడియ, సూదులే చీలలు, మీ వేళ్ళే తాళంచెవి.

ఇంకొక తమాషా చూడండి. మళ్ళీ గుండుసూదులు వేసి పెట్టెను తలకిందులు చేయండి. సూదులు రెండూ కింద రాలిపోతాయి! కాపలావాళ్ళు పారిపోయారు. చీలలను కిందికి లాగేది భూమ్యాకర్షణ శక్తి మాత్రమే గదా! అందుచేత ఈజిప్టు తాళం నిలువుగా, చీలలు పైనుండేటట్టు బిగిస్తేనే పనిచేస్తుంది. అటూ ఇటూ తిప్పటానికి వీల్లేదు. పైగా అది కొయ్యతో చేసింది కనుక పెద్దది.

ఆ లోటు తీర్చినవాళ్ళు అమెరికాకు చెందిన తండ్రీకొడుకులు. ఇద్దరి పేరూ లైనస్ యేల్. చీలల తాళానికి తండ్రి 1848 ప్రాంతంలో కొత్తరూపం ఇచ్చాడు. కొడుకు దాన్ని మెరుగుపరచి 1861లోనూ, 1865లోనూ పేటెంట్లు పొందాడు. ఈ తాళంలో ప్రతి చీలమీదా ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది. భూమి లాగినా లాగకపోయినా స్ప్రింగు నెడుతుంది. ఒక్కొక్క చీలా రెండు ముక్కలుగా ఉంటుంది. తాళంచెవి గాట్లమీద చీలలు నిలబడినప్పుడు, అన్ని చీలల అతుకులూ ఒకే గీతమీదికి రావాలి. ఒకటి ఎక్కువ లేచినా, తక్కువ లేచినా తాళం తిరగదు. మీ ఇంట్లో పక్కన పళ్ళున్న పల్చటి తాళంచెవి ఉంటే తీసి చూడండి. ఆ ఎత్తుపల్లాలు అందానికి పెట్టినవి కావు. ఒక్కొక్క పల్లం ఒక్కొక్క చీల ఎత్తును చెబుతుంది.

యేల్ కన్నా ముందు ఇంగ్లండులో జరిగిన ఒక వింత కూడా వినండి. 1817లో పోర్ట్స్‌మత్ ఓడల రేవులో దొంగలు మారు తాళంచెవులతో లోపలికి చొరబడ్డారు. సొంత తాళంచెవితో తప్ప దేనితోనూ రాని తాళం చేసినవారికి బహుమతి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఊళ్ళోనే ఇనప సామాన్ల వ్యాపారం చేసే జెరిమయా చబ్ 1818లో ఒక తాళం చేశాడు. దాని గొప్ప ఏమిటంటే, ఎవరైనా దొంగతనంగా తీయబోయి లోపలి మీటను కాస్త ఎక్కువ ఎత్తితే తాళం బిగుసుకుపోతుంది. తరవాత యజమాని వచ్చి తన తాళంచెవి పెడితే వెంటనే తిరగదు. “ఓహో! ఎవడో నా తాళం జోలికి వచ్చాడు!” అని అతనికి తెలిసిపోతుంది. దానికోసమే చేసిన వేరే తాళంచెవితో తిప్పితే మళ్ళీ సర్దుకుంటుంది. అంటే ఈ కాపలావాడు దొంగను ఆపటమే కాదు, యజమానికి చాడీ కూడా చెబుతాడన్నమాట!

ఆ రేవులో ఖైదీలను ఉంచే ఓడలో, తాళాలు చేయటమే వృత్తిగా ఉండిన ఖైదీ ఒకడున్నాడు. ఈ తాళం తీస్తే విడుదల చేస్తామని ప్రభుత్వం అన్నది. 100 పౌన్లు ఇస్తానని చబ్ అన్నాడు. పాపం, ఆ ఖైదీ రెండు మూడు నెలలు తంటాలుపడి, నావల్ల కాదని ఒప్పుకున్నాడు.

మరి ఆ తాళం ఎప్పటికీ ఓడలేదా? ఓడింది. 1851లో లండనులో గొప్ప ప్రదర్శన జరిగింది. దానికి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికావాడు చబ్ తాళాన్ని సుమారు 25 నిమిషాల్లో తీశాడు. ఆ తరవాత, ఏళ్ళ తరబడి ఎవరూ తీయలేకపోయిన బ్రామా తాళాన్ని పట్టాడు. దాన్ని తీసినవారికి 200 గినీలు ఇస్తామని దుకాణంలో బోర్డు పెట్టి ఉండేది. హాబ్స్ 16 రోజులపాటు, మొత్తం 51 గంటలు పనిచేసి దాన్నీ తీశాడు.

చాలామందికి కోపం వచ్చింది. తాళాల గుట్టు బయటపెడితే దొంగలకు నేర్పినట్టు కాదా అన్నారు. దొంగలకు ఆ సంగతులు ఎప్పుడో తెలుసుననీ, తెలియనిది ఇళ్ళవాళ్ళకేననీ హాబ్స్ వాదం. తన తాళంలో లోపమేమిటో తెలిసినవాడే దాన్ని బాగుచేసుకుంటాడు గదా! అతని మాట నిజమైంది. ఆ గొడవ తరవాత తాళాలు చేసేవాళ్ళు లోపాలు వెతికి సరిచేయసాగారు.

అందుకే ఇప్పుడు మన ఇళ్ళలో ఉండే ఒక లోపాన్ని చూద్దాం. తలుపు లాగగానే “టక్” మని తనంతట తానే పడే గడియను మీరు చూసే ఉంటారు. తలుపు అంచునుంచి ఒక ఇనప నాలుక బయటికి వచ్చి ఉంటుంది. దాని వెనక స్ప్రింగు ఉంటుంది. నాలుక ఒకవైపు ఏటవాలుగా ఉంటుంది. తలుపు మూస్తున్నప్పుడు ఆ ఏటవాలు ద్వారబంధానికి తగిలి నాలుక లోపలికి పోతుంది. తలుపు పూర్తిగా పడగానే స్ప్రింగు దాన్ని బయటికి నెడుతుంది. ద్వారబంధానికి బిగించిన రేకులో ఒక రంధ్రముంటుంది. నాలుక అందులో దూరుతుంది.

ఎంత సుఖం! కాని సుఖంలోనే లోపమున్నది. ద్వారబంధం తగిలి నాలుక లోపలికి పోయినట్టే, తలుపు సందులోనుంచి మరేదైనా పల్చటి వస్తువు తగిలినా పోతుంది. ఏటవాలుకు ఎవరు నెట్టారో తెలియదు గదా!

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది మన పాత వడ్రంగులకు ఎప్పటినుంచో తెలిసినదే. రెండు రెక్కల తలుపు చూడండి. ఒక రెక్క అంచున నిలువునా పొడుగాటి బద్ద ఒకటి కొట్టి ఉంటుంది. తలుపు మూస్తే ఆ బద్ద రెండు రెక్కల మధ్య సందును కప్పేస్తుంది. అది ఏదో అలంకారమనుకునేరు! సందు కనపడకపోతే దానిలో దూర్చటానికి ఏమీ ఉండదు. ఇప్పుడు కొన్ని తలుపులకు నాలుక ఉన్నచోట బయటివైపున ఇనపరేకు బిగిస్తున్నారు. అదీ ఇదే పని చేస్తుంది.

రెండో మందు ఇంకా చమత్కారమైనది. కొన్ని గడియల్లో నాలుక పక్కనే సన్నటి ఉక్కుముక్క ఇంకొకటి ఉంటుంది. దానికీ ఒక స్ప్రింగు ఉన్నది. తలుపు మూసినప్పుడు నాలుక రేకు రంధ్రంలోకి పోతుంది కాని, ఈ ముక్క పోదు. రేకు దాన్ని లోపలికి నొక్కి పట్టుకుంటుంది. అది అలా నొక్కుకుని ఉన్నంతసేపూ లోపల నాలుకకు అడ్డు పడుతుంది. ఇక బయటినుంచి ఎవరెంత నెట్టినా నాలుక వెనక్కు పోదు. తాళంచెవి తిప్పితేనో, లోపలివైపున పిడి తిప్పితేనో మాత్రమే పోతుంది. చిటికెనవేలి గోరంత ముక్క ఇంత పెద్ద తలుపును కాస్తున్నదన్నమాట!

ఆ కాపలావాడు కూడా ఒక్కోసారి నిద్రపోతాడు. బిగించినవాళ్ళు రేకులో రంధ్రం మరీ పెద్దది చేస్తే, నాలుకతోబాటు ఆ ముక్క కూడా రంధ్రంలో పడిపోతుంది. నొక్కేది లేదు గనుక అడ్డు పడదు. మీ ఇంట్లో ఇటువంటి గడియ ఉంటే, తలుపు మూసినప్పుడు ఆ ముక్క రేకుమీదనే ఆగుతున్నదో లేదో నాన్నగారిని చూడమనండి.

ఇంతవరకూ బయటి చేతిని ఎలా ఆపాలో చెప్పుకున్నాం. ఇప్పుడు లోపలి చెయ్యి సంగతి చెప్పుకోవాలి. ఇది కొంచెం బాధ కలిగించే కథ. అయినా మీరు తెలుసుకోవలసిన కథ.

1883 జూన్ 16వ తేదీన ఇంగ్లండులోని సండర్లాండ్ పట్నంలో, విక్టోరియా హాలులో పిల్లలకోసం ఒక వినోద ప్రదర్శన జరిగింది. వందలాది పిల్లలు మేడమీద గ్యాలరీలో కూర్చున్నారు. ఆట అయిపోయాక కింద ఉన్న పిల్లలకు బహుమతులు పంచటం మొదలుపెట్టారు. తమకు దక్కవేమోనని మేడమీది పిల్లలు మెట్లమీదుగా కిందికి పరుగెత్తారు. మెట్ల అడుగున ఒక తలుపున్నది. అది పిల్లల వైపుకే తెరుచుకుంటుంది. ఒక్కొక్కరే పోవాలని దాన్ని కొంచెం తెరిచి, ఆ సందు మాత్రం మిగిలేటట్టు గడియ వేసి ఉంచారు.

ముందు వచ్చిన పిల్లలు ఆ సందులో ఇరుక్కున్నారు. వెనకవాళ్ళకు ఆ సంగతి తెలియక తోసుకుంటూ వచ్చారు. గడియ పిల్లల వైపునే ఉన్నది. కాని అంత ఒత్తిడిలో ఎవరు వంగి తీయగలరు? అవతలివైపునుంచి పెద్దలు వచ్చినా వాళ్ళ చేతికి గడియ అందలేదు. ఆ రోజున 183 మంది పిల్లలు చనిపోయారు. వాళ్ళంతా 3 ఏళ్ళనుంచి 14 ఏళ్ళ లోపువాళ్ళు.

ఆ ఘోరం తరవాత, జనం చేరే చోట్ల తగినన్ని దారులుండాలనీ, వాటి తలుపులు బయటివైపుకు తెరుచుకోవాలనీ ఇంగ్లండులో చట్టాలు వచ్చాయి. 1892లో రాబర్ట్ అలెగ్జాండర్ బ్రిగ్స్ అనే అతను ఒక కొత్త గడియకు పేటెంటు పొందాడు. మీరు సినిమాహాళ్ళలోనో, ఆసుపత్రుల్లోనో, పెద్ద దుకాణాల్లోనో నడుమెత్తున అడ్డంగా ఒక కడ్డీ ఉన్న తలుపు చూశారా? దాని మూలం అదే. బయటివైపునుంచి చూస్తే ఆ తలుపు గోడతో సమానం. లోపలివైపునుంచి ఆ కడ్డీమీద చెయ్యిగాని, భుజంగాని, వీపుగాని పడితే చాలు, గడియ తీసుకుంటుంది, తలుపు బయటికి తెరుచుకుంటుంది. చీకటైనా, పొగ నిండినా, గడియ ఎక్కడున్నదని వెతకనక్కరలేదు.

ఇందులో గొప్ప చూడండి. సండర్లాండులో పిల్లల తోపే తలుపును మూసిపెట్టింది. ఈ గడియలో ఆ తోపే తలుపును తీస్తుంది!

కనుక మంచి గడియకు రెండు గుణాలుండాలి. బయటినుంచి పైవాళ్ళకు లొంగకూడదు. లోపలనుంచి ఎవరికైనా, ఎంత చిన్నవాళ్ళకైనా, వెంటనే లొంగాలి. మొదటి గుణం సొమ్మును కాపాడుతుంది. రెండోది ప్రాణాన్ని కాపాడుతుంది. ఈ రెంటిలో ఏది పెద్దదో మీకు వేరే చెప్పాలా?

ఈ విషయంలో మీరు చేయదగిన పనులు మూడున్నాయి. మీ ఇంట్లో ఉన్న ప్రతి తలుపునూ లోపలినుంచి ఎలా తీయాలో నేర్చుకోండి. పై గడియ మీకు అందకపోతే ఆ మాట పెద్దవాళ్ళతో చెప్పండి. లోపలివైపున కూడా తాళంచెవితోనే తీయవలసిన తలుపు ఉంటే, ఇంట్లో మనుషులున్నంతసేపూ ఆ తాళంచెవి ఎక్కడ ఉంటుందో అందరికీ తెలిసి ఉండాలి.

రెండోది, తమాషాకైనా సరే ఎవరినీ గదిలోనో, స్నానాలగదిలోనో ఉంచి బయట గొళ్ళెం పెట్టకండి. మన తలుపులకు బయటకూడా గొళ్ళేలుంటాయి గనుక పిల్లలకు ఇది ఆటగా తోస్తుంది. లోపలివాళ్ళు కంగారులో జారిపడవచ్చు. గొళ్ళెం పెట్టినవాళ్ళు మరచిపోయి ఆడుకోవటానికి పోవచ్చు.

మూడోది, బడికి పోయినా, సినిమాకు పోయినా, బయటికి పోయే దారులు ఎన్ని ఉన్నాయో ముందు చూసుకోండి. లోపల జనం ఉండగా ఏ దారికైనా తాళంకప్ప వేలాడుతూ కనిపిస్తే ఊరుకోకండి. మాస్టారితోనో, మీతో వచ్చిన పెద్దవాళ్ళతోనో చెప్పండి. చిన్నపిల్లలు చెప్పటమేమిటని సంకోచించకండి.

ఇక లేచి, ఒక కాగితమూ పెన్సిలూ తీసుకుని మీ ఇంటి తలుపులన్నీ చూసి రండి. ఏ తలుపుకు ఏ గడియ ఉన్నదో, దానికి కాపలా ఎవరో, లోపలినుంచి మీ చెయ్యి అందుతుందో లేదో రాయండి. రాసింది రాత్రి భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించండి.